మిగతా సందేశం

డిపార్ట్‌మెంట్‌కి ఈమెయిల్ వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టలేదు గానీ, హెడ్ శాన్యాల్‌గారు అందరికీ రసగుల్లాలు పంచారు. తొంభై ఒకటో సంవత్సరం, వానాకాలం. ఖరగ్‌పూర్‌లో ప్రేమ్ బజార్ గేటు లోపల ఉన్న ఆ పెద్ద ఇంజనీరింగ్ కేంపస్‌లో చాలామందికి ఈమెయిల్ అంటే ఏమిటో తెలీదు. తెలిసినవాళ్ళు తెలిసినట్టు, తెలియనివాళ్ళు ఇంకా బాగా తెలిసినట్టు తలలూపి రసగుల్లాలు తిన్నారు.

ఆ రసగుల్లాల వెనక సరోజాదేవి పడ్డ నెల రోజుల అవస్థ ఉంది. ఆవిడ అక్కడ టెక్నికల్ అసిస్టెంటు. ముప్ఫై ఐదేళ్ళు దాటాయి, పెళ్ళి చేసుకోలేదు, పని మీద పడితే అన్నం సంగతి గుర్తుండదు. ఒక కంప్యూటరు, దాని పక్కన పలక అంత మోడెం పెట్టె, దానికోసమే టెలిఫోన్ వాళ్ళ కాళ్ళూ చేతులూ పట్టుకుని తెచ్చుకున్న ఒక ఫోను లైను. ఇక్కడ కంప్యూటరు కలకత్తాలో ఉన్న ఇంకో కంప్యూటరుకి ఫోన్ చెయ్యాలి. ఫోన్ కలిస్తే మోడెం కీచుమని అరుస్తుంది. అరుపు ఆగి నిశ్శబ్దంగా దీపాలు మిణుకుమంటే పని జరుగుతున్నట్టు. ఇక్కడ పోగైన ఉత్తరాలు అటు వెళతాయి, అక్కడ మనకోసం పోగైనవి ఇటు వస్తాయి. వాన పడితే లైను తెగేది. లైను బాగుంటే కరెంటు పోయేది. రెండూ ఉన్న రోజున కలకత్తావాడి ఫోను ఎంగేజు. చివరికి ఎలాగో దారికొచ్చింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి లైను కలపాలని నియమం పెట్టుకున్నారు.

మెయిల్ వచ్చింది గానీ దాన్ని ముట్టుకునే నాథుడు లేడు. ప్రొఫెసర్లకి కీబోర్డు ముందు కూర్చోవడం నామోషీ. తమ చేత్తో కాయితం మీద రాసి ఇస్తారు, ఎవరైనా టైపు చేసి పంపాలి. వచ్చినవి ప్రింటు తీసి ఎవరి అరలో వాళ్ళకి పెట్టాలి. దానికొక మనిషి కావాలి. "వేగంగా టైపు చెయ్యాలి, ఒకరి విషయం ఇంకొకరికి చెప్పకూడదు. అలాంటివాళ్ళు దొరుకుతారా?" అని శాన్యాల్‌గారు అడిగినప్పుడు, సరోజ ఒక్క క్షణం తటపటాయించి, "మా నాన్నగారు ఉన్నారు సార్" అంది.

వరాహనరసింహంగారు ఖరగ్‌పూర్ రైల్వే టెలిగ్రాఫ్ ఆఫీసులో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. విజయనగరం దగ్గర నుంచి కుర్రతనంలో వచ్చి, ఆ టకటకల మధ్యనే జుట్టు నెరిపించుకున్నాడు. రిటైరయ్యాక న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు ఖాళీ చేసి తండ్రీకూతుళ్ళు సుభాష్‌పల్లిలో అద్దింటికి మారారు. అప్పట్నుంచీ ఆయన వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. పేపరు చదివేవాడు కాదు, గుడికి రమ్మంటే రేపు చూద్దాం అనేవాడు. చేతివేళ్ళు మాత్రం కుర్చీ చెయ్యి మీద వాటంతట అవే టకటక కొట్టుకుంటూ ఉండేవి.

ఉద్యోగం సంగతి చెప్పగానే ఆయన నమ్మలేదు. "నాకా? ఈ వయసులో నన్నేటి చేసుకుంటారమ్మా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా, గొడుగు, టిఫిన్ డబ్బాతో గుమ్మంలో సిద్ధంగా నిలబడ్డాడు. కీబోర్డు ముందు కూర్చుని వేళ్ళు ఆడించాక ఆయన మొహంలోకి వచ్చిన కళ చూసి సరోజ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది. వారం తిరక్కుండా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆయన 'దాదా', బెంగాలీలో అన్నగారు, అయిపోయాడు.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. దాదా సందేశాలు కోసేస్తున్నాడు.

ముందు ఎవరికీ తెలీలేదు. ఒక లెక్చరరుగారు పత్రిక ఎడిటరుకి పేపరు ఆలస్యమైనందుకు క్షమాపణ చెబుతూ, వరదల సంగతీ, అత్తగారి మోకాళ్ళ నొప్పుల సంగతీ కలిపి రెండు పేజీలు రాసిచ్చాడు. 'పేపరు ఆలస్యం. చింతిస్తున్నాను. వచ్చే నెల పంపుతాను' అని మాత్రమే వెళ్ళింది. ఎడిటరు వెంటనే ఒప్పుకున్నాడు, కాబట్టి గొడవ లేదు. గొడవ చేసింది రీసెర్చి చేస్తున్న ఒక బెంగాలీ అబ్బాయి. ఢిల్లీలో ఉన్న కాబోయే పెళ్ళానికి గుండె కోసి కాయితాల మీద పెట్టి ఇస్తే, ఆ పిల్లకి చేరింది 'ఇక్కడ కుశలం. అక్కడ కుశలమని తలుస్తాను' అని. ఆ పిల్ల మాట్లాడ్డం మానేసింది. ఆ అబ్బాయి ఏడుపు మొహంతో వచ్చి, "ఏ కీ కోర్‌లెన్ దాదా! ఇదేం చేశారు, నా రెండు పేజీలూ ఏమయ్యాయి?" అని నిలదీశాడు. డిపార్ట్‌మెంట్ అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

సరోజ నవ్వలేదు. ఇంటికొచ్చాక కేకలేసింది. "నాన్నా, ఇది టెలిగ్రాం కాదు. మాటకింత అని ఎవరూ లెక్క కట్టరు. రెండు ముక్కలు పంపినా రెండు పేజీలు పంపినా ఒకటే."

"డబ్బు సంగతి కాదమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "అవతలోడికి తెలిసిన ముక్క మళ్ళీ పంపడమెందుకూ అని. ఆ కుర్రాడికి ఆ పిల్లంటే ప్రాణమని ఆ పిల్లకి తెలీదేటి? తెలిసిందే పంపుతుంటే లైను ఎప్పుడు ఖాళీ అవుతాది? మన వెనకాల ఇంకొకడు నిలబడి ఉంటాడు కదా. మాకు అలాగే నేర్పినారు."

"నీకెలా నేర్పినా సరే, పరాయివాళ్ళ మాటల మీద చెయ్యి పెట్టకు."

"సరే, పరాయివోళ్ళవి ముట్టుకోను" అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ తర్వాత ఎంత చేట భారతం ఇచ్చినా పళ్ళ బిగువున అక్షరం పొల్లుపోకుండా పంపేవాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరే గానీ, ఆయనకి సరోజ ఒక్కతే కూతురు కాదు. అనసూయ ఉంది. సరోజ కంటే ఆరేళ్ళు చిన్నది. ఎనిమిదేళ్ళ కిందట రైలు డ్రైవరు కొడుకు ఆర్థర్‌ని చర్చిలో పెళ్ళి చేసుకుని బొంబాయి వెళ్ళిపోయింది. ఆర్థర్ వాళ్ళు పుట్టు క్రైస్తవులు, తెలుగువాళ్ళే, న్యూ సెటిల్‌మెంట్‌లో నాలుగు వరసల అవతలి క్వార్టరు. చిన్నప్పట్నుంచి చూసిన కుర్రాడే. అయినా వరాహనరసింహంగారు ఆ పిల్ల పేరు ఇంట్లో ఎత్తొద్దన్నాడు. తల్లి బాలాంబ చాటుగా ఏడ్చి, ఏడ్చి, ఒకనాడు ఉన్నట్టుండి పోయింది. అప్పుడు కూడా ఆయన చిన్న కూతురికి కబురు పెట్టలేదు. కర్మకాండ అంతా అయిపోయాక తన చేత్తోనే టెలిగ్రాం కొట్టాడు. 'తల్లి మరణించినది. కర్మలు ముగిసినవి.' తండ్రి నుంచి అనసూయకి అందిన చివరి మాటలు అవే.

సరోజ మాత్రం చెల్లెలికి ఉత్తరాలు రాయడం మానలేదు. అనసూయ బొంబాయిలో ఒక పరిశోధనా సంస్థ లైబ్రరీలో పనిచేస్తోంది. అక్కడా ఈమెయిల్ ఉందని తెలిసిన రోజున సరోజ సంతోషం పట్టలేకపోయింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి మొదటి మెయిల్ పంపింది. 'అనూ, ఇక్కడ మాటకి ధర లేదే. ఎంత రాసినా ఒకటే. కడుపునిండా రాసుకుందాం' అని. అనసూయ అంతకంటే ఎక్కువ రాసింది. లైబ్రరీలో పిల్లి ఈనడం దగ్గర్నుంచి ఆర్థర్ చేసే ఉలవచారు దాకా అన్నీ రాసేది.

వచ్చిన మెయిల్స్ అన్నీ ప్రింటు తీసేది వరాహనరసింహంగారే. పైన పేరు కనిపించకుండా ఎలా ఉంటుంది? అనసూయవి వస్తే కాయితం నాలుగు మడతలు పెట్టి, సరోజ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. తనకి రాని సందేశం పట్టించుకోకపోవడం ఆయన వృత్తిధర్మం. చదివేవాడో లేదో సరోజకి తెలీదు. ఒకరోజు మాత్రం సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ, ఎవరూ అడక్కుండానే, "ఇవాళ నీకేటీ రాలేదమ్మా" అన్నాడు. ఆ గొంతు విని సరోజకి అర్థమైంది, ఆ మనిషి ఎదురుచూస్తున్నాడని.

ఆ చలికాలంలో అనసూయ రాసిన మెయిల్ ఒకటి వచ్చింది. ఈసారి పిల్లి సంగతులు లేవు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళవాతం జ్వరం గుండెని పాడుచేసిందనీ, కవాటం మార్చాలన్నారనీ, వచ్చే గురువారం ఆపరేషన్ అనీ రాసింది. 'ఇప్పుడు రాకండి అక్కా. ఇక్కడ వార్డులోకి ఎవర్నీ రానివ్వరు. ఇంటికి వచ్చాక రండి, అప్పుడే మనిషి సాయం కావాలి. నాన్నకి చెప్పు. నాకు భయంగా ఉంది. నాన్న దగ్గర్నుంచి ఒక మంచి మాట వింటే ధైర్యంగా వెళ్తాను. నామీద కోపం పోయిందో లేదో తెలిస్తే చాలు. నేను వార్డులో చేరినా, ఆర్థర్ రోజూ మా ఆఫీసుకి వెళ్ళి మెయిల్ తెచ్చి చూపిస్తాడు.'

సరోజ ఆ కాయితం ఇంటికి తీసుకెళ్ళి తండ్రికి చదివి వినిపించింది. ఆయన వింటున్నంతసేపూ నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. న్యూ సెటిల్‌మెంట్ దాకా నడిచి, తెలుగువాళ్ళ గుళ్ళో కూర్చుని, దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాడు. వచ్చి, వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, సరోజ బియ్యం ఏరుతుంటే మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

ఎనిమిదేళ్ళలో ఆ మనిషి అంతలా మాట్లాడ్డం సరోజ చూడలేదు. బాలాంబ పోతే పిల్లని పిలవకపోవడం తన జన్మలో చేసిన పాపమన్నాడు. ఆర్థర్ తండ్రి చనిపోయినప్పుడు వీధి చివరిదాకా వెళ్ళి, లోపలికి వెళ్ళే మొహం లేక తిరిగొచ్చానన్నాడు. "దాని మీద కోపం ఏనాడో పోయినాదమ్మా. కోపం పోయినాదని ఎలా చెప్పాలో తెలీక ఇన్నేళ్ళు ఊరుకున్నాను" అన్నాడు. చెబుతూ చెబుతూ పైపంచెతో మొహం కప్పుకున్నాడు.

సరోజ చేట పక్కన పెట్టేసింది. "ఇదే రాయి నాన్నా. ఇప్పుడు నాతో ఎలా అన్నావో అలాగే రాయి. నువ్వు చెబుతుంటే నేను కొట్టనా?"

"వద్దమ్మా. నేనే కొడతాను. ఆ టెలిగ్రాం కొట్టిన చేత్తోనే కొట్టాలి."

మర్నాడు ఆయన మెయిల్ గదిలో కూర్చోగానే సరోజ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. తండ్రీకూతుళ్ళ మధ్య తనెందుకని. వరండాలోంచి అద్దంలో చూస్తే ఆయన టైపు చేస్తున్నాడు, ఆగుతున్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు, మళ్ళీ చేస్తున్నాడు. లైను వేళయ్యేదాకా లేవలేదు. మోడెం అరిచింది, దీపాలు మిణుకుమన్నాయి, వెళ్ళింది. ఆయన బయటికొచ్చిన తీరు చూస్తే పెద్ద బరువు దించుకున్న మనిషిలా ఉన్నాడు.

"రాశావా నాన్నా?"

"రాసినాను. పంపినాను." ఆయన నవ్వాడు. "రైల్వే పాస్ రాయించమంటావా? వారం తర్వాత ఇద్దరం బొంబాయి వెళ్దాం. దానికి లేచి తిరిగే ఓపిక వచ్చేదాకా నువ్వు ఉండు."

ఆ సాయంత్రం ప్రేమ్ బజార్‌లో ఆగి జిలేబీలు కొన్నాడు. షుగరు ఉందని ఏళ్ళ తరబడి తీపి ముట్టని మనిషి రెండు తిన్నాడు. సరోజ వద్దనలేదు. తనూ తిన్నది. ఇన్నేళ్ళకి ఇల్లు ఇల్లులా ఉందనిపించింది ఆవిడకి.

మంగళవారం దాకా అనసూయ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. వార్డులో చేరి ఉంటుందనుకున్నారు. బుధవారం లేదు. గురువారం ఆపరేషన్ రోజు, వరాహనరసింహంగారు తలంటుకుని గుళ్ళో అర్చన చేయించి నేరుగా డిపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. పొద్దుటి లైను, మధ్యాహ్నం లైను, రెండూ ఖాళీ. ఆపరేషన్ అంటే మాటలా, ఆర్థర్‌కి మెయిల్ పంపే తీరికెక్కడిది అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

శుక్రవారం పొద్దుటి లైనులో వచ్చింది. సరోజ తన గదిలో ఏదో కేబులు సరిచేస్తోంది. ఆయన కాయితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడూ నాలుగు మడతలు పెట్టే మనిషి, ఈసారి మడత పెట్టకుండా తెరిచే పట్టుకున్నాడు. చెయ్యి చాచి అందించాడు.

'వదినా, అనూ వెళ్ళిపోయింది. నిన్న ఆపరేషన్ బల్ల మీదే. డాక్టర్లు చెయ్యాల్సిందంతా చేసినారు. రేపు సాయంత్రం భూస్థాపన. రేపటికి మీరు అందుకోలేరని తెలుసు. ఒక్క సంగతి అడగాలి, ఏమీ అనుకోకు. మామయ్యగారి మెయిల్ రెండు ముక్కలే వచ్చింది. అనూ చదివి, ఇదేటి ఇంతేనా, మధ్యలో లైను తెగిపోయుంటాది, మిగతాది వెనకాల వస్తాది అన్నాది. పొద్దుటా సాయంత్రం నన్ను ఆఫీసుకి తరిమినాది. లోపలికి తీసుకెళ్తున్నప్పుడు కూడా, వచ్చినాదా అని అడిగినాది. లేదన్నాను. మిగతా భాగం మీ దగ్గర ఎక్కడైనా ఆగిపోయి ఉంటే పంపు వదినా. భూస్థాపనకి ముందు నేను దానికి చదివి వినిపిస్తాను. ఆర్థర్.'

సరోజ రెండోసారి చదవలేకపోయింది. బల్ల పట్టుకుని నిలబడింది. తర్వాత ఏదో పూనినట్టు మెయిల్ గదిలోకి వెళ్ళి, పంపినవాటి కాపీలు దాచే చోట తండ్రి పంపింది వెతికి తీసింది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంది. 'సందేశం అందింది. ధైర్యంగా ఉండు. ఆపరేషన్ జయప్రదం అగుగాక. వరాహనరసింహం.'

అంతే ఉంది. కింద ఇంకేమైనా ఉందేమోనని ఆవిడ కూడా కిందికి జరిపి చూసింది.

"ఇదేనా?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆవేళంతా కూర్చుని నువ్వు రాసింది ఇదేనా నాన్నా? ఆ పిల్ల ప్రాణం మీదికి వచ్చి అడిగితే, నువ్వు పంపింది ఇదా?"

వరాహనరసింహంగారు స్టూలు మీద కూలబడ్డాడు. "అంతా రాసినానమ్మా. రెండు పేజీలు రాసినాను. తర్వాత పంపే ముందు చదువుకున్నాను. అమ్మ పోతే పిలవకపోడం నాదే తప్పు అని రాసినాను. అది దానికి తెలిసిందే కదా అని కొట్టేసినాను. ఆర్థర్ మంచివోడు అని రాసినాను. నాకంటే దానికే ఎక్కువ తెలుసు కదా అని కొట్టేసినాను. ఇంటికి రా అమ్మా అన్నాను. నేనే వెళ్తున్నాను కదా, నోటితోనే చెప్తానని కొట్టేసినాను. కోపం లేదని రాసినాను. కోపముంటే ఇలా రాస్తానా, దానికి తెలీదేటి అని..." ఆయన చెయ్యి గాలిలో ఏదో చెరిపేస్తున్నట్టు ఆడింది. "అన్నీ దానికి తెలుసుననుకున్నానమ్మా."

సరోజకి ఆయన్ని పట్టుకుని కుదిపెయ్యాలన్నంత కోపం వచ్చింది. అంతలోనే ఆ కోపం తన మీదికి తిరిగింది. మాటకి ధర లేదని అనసూయకి చెప్పింది తనే. టెలిగ్రాం అయితే ఆ పిల్ల సరిపెట్టుకునేది, నాన్న డబ్బు చూసుకున్నాడనో, అది అలవాటనో. ఎన్ని మాటలైనా ఊరికే పంపగలిగే చోట నాలుగు ముక్కలే వస్తే, ఇక ఆ పిల్ల ఏమనుకుంటుంది? తండ్రికి మనసు రాలేదనుకోవడం ఇష్టం లేక, లైను తెగిందనుకుంది. మూడు రోజులు అలా నమ్ముకుని, ఆ మిగతా భాగం కోసం చూసి చూసి లోపలికి వెళ్ళింది. అది తలుచుకునేసరికి సరోజ నోట్లో కొంగు కుక్కుకుని గట్టిగా ఏడ్చేసింది. పక్క గదిలోంచి ఎవరో తొంగిచూసి, విషయం కనుక్కుని, తలుపు వేసి వెళ్ళారు.

కాసేపటికి తనే లేచింది. మొహం కడుక్కుని కీబోర్డు ముందు కూర్చుంది. రేపు సాయంత్రం లోపల ఆర్థర్‌కి అందాలి. ఆవిడ ముందే నిశ్చయించుకుంది. 'ఆర్థర్, అనూ అన్నది నిజమే. లైను తెగింది. మిగతా భాగం మా మెషీన్‌లో ఆగిపోయింది. తప్పు నాది, నేను చూసుకోలేదు. ఇప్పుడు పంపుతున్నాను' అని కొట్టింది. అబద్ధమే. చచ్చిపోయిన పిల్ల మాట నిజం చెయ్యడానికి ఆ మాత్రం అబద్ధం ఆడితే ఏం పోయిందనుకుంది.

వరాహనరసింహంగారు వెనక నిలబడి తెర మీద అది చదివాడు.

"మెషీన్ మీద పెట్టకమ్మా," అన్నాడు. "లైను బాగానే ఉన్నాది. నా చేతిలో ఉండగా ఒక్క సందేశమూ లైనులో పోలేదు. నా దగ్గరే ఆగిపోయినాదని రాయి."

"ఇప్పుడు అవన్నీ ఎందుకు నాన్నా?"

"అది అడిగినాది కదా, మిగతాది ఏటయినాదని. దానికి నిజం చెప్పాలి. నా దగ్గరే ఆగిపోయినాదని రాయి."

సరోజ కొట్టింది చెరిపి అలాగే రాసింది. తర్వాత, "చెప్పు నాన్నా" అంది.

ఆయన వేళ్ళు చూసుకున్నాడు. కొట్టినదాన్ని మళ్ళీ కోసేసే వేళ్ళు అవి. అందుకని ఆయన చెబుతూ ఉంటే ఆవిడ కొట్టింది. ముందు 'అనసూయా' అన్నాడు. ఇక ఆగలేదు. వంటింటి గుమ్మంలో ఆ రోజు చెప్పినవన్నీ మళ్ళీ చెప్పాడు. చెప్పనివీ చెప్పాడు. జ్వరంలో ఉన్న పిల్లని భుజాన వేసుకుని వానలో రైల్వే ఆసుపత్రికి పరిగెత్తడం, దారిలో ఆ పిల్ల నీ గుండె ఎందుకు నాన్నా అలా కొట్టుకుంటోంది అనడం చెప్పాడు. పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన రోజు చెప్పాడు.

"నువ్వు ఎక్కిన బండి నాకు తెలుసమ్మా. ఆవేళ నాకు డ్యూటీ లేదు. ఉందని మీ అమ్మతో చెప్పి ఆఫీసుకి వెళ్ళి కూర్చున్నాను. టాటానగర్ వోడిని అడిగినాను, దాటినాదన్నాడు. చక్రధర్‌పూర్ వోడిని అడిగినాను, దాటినాదన్నాడు. రూర్కెలా. బిలాస్‌పూర్. ఆ బండిలో నీకెవరున్నారు దాదా అని అడిగినారు. ఎవరూ లేరన్నాను. నాగ్‌పూర్ దాటినాక అప్పుడు ఇంటికి వచ్చి పడుకున్నాను. ఈ సంగతి నీకు తెలీదు. నీకు తెలీదమ్మా, చెప్పాలి కదా, నేను చెప్పలేదు."

సరోజకీ తెలీదు. ఆ రాత్రంతా ఆయన డ్యూటీ వంక పెట్టి కోపంతో ఎక్కడో తిరిగాడనే తల్లీ తనూ అనుకున్నారు. తెర మసకబారితే కళ్ళు తుడుచుకుని కొట్టింది. ఆయన చెప్పిందే చెప్పాడు. ఆపరేషన్ అయ్యాక నీకు గంజి నేనే కాస్తానన్నాడు, ఒక వాక్యం తర్వాత మళ్ళీ అదే అన్నాడు. ఆవిడ రెండుసార్లూ కొట్టింది. ఇదంతా అయ్యేసరికి భోజనాల వేళ దాటిపోయింది. చివర్న పేరు కొట్టబోతుంటే, "వరాహనరసింహం అని వద్దు," అన్నాడు. "నాన్న అని పెట్టు."

శాన్యాల్‌గారికి ఎవరో విషయం చెప్పారు. ఆయన వచ్చి, నియమం సంగతి మరిచిపొమ్మని, ఇప్పుడే లైను కలపమన్నారు. కలకత్తా రెండోసారికి దొరికింది. మోడెం కీచుమంది, ఊరుకుంది. దీపాలు మిణుకుమన్నాయి. అంత పొడుగు సందేశం కాబట్టి మామూలు కంటే ఎక్కువసేపే మిణుకుమన్నాయి. తర్వాత ఆగిపోయాయి.

"వెళ్ళినాదా?"

"వెళ్ళింది నాన్నా. ఆర్థర్ రేపు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి తీసుకుంటాడు. వెళ్దాం పద, పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు నువ్వు."

ఆయన లేవలేదు. కీబోర్డు ముందున్న తన కుర్చీలో, వీపు నిటారుగా పెట్టి, చేతులు రెండూ బల్ల మీద ఆనించి కూర్చున్నాడు. టెలిగ్రాఫ్‌లో ఒక పద్ధతి ఉంది. సందేశం పంపాక, అందిందని అవతలి మనిషి తిరిగి కొట్టేదాకా ఇవతలివాడు కుర్చీ వదలకూడదు. ఇల్లు తగలబడుతున్నా సరే వదలకూడదు.

"అందినాదని రానీ అమ్మా," అన్నాడు.

ఇది అలా కాదనీ, ఈ లైనులో అందిందని ఎవరూ తిరిగి కొట్టరనీ చెప్పాలని సరోజ నోరు తెరిచింది. ఆయన ఎదురుచూస్తున్నది ఆర్థర్ జవాబు కోసం కాదని తెలిసి, చెప్పలేకపోయింది. ఇంకో కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.